యువకుడిగా ఉన్నప్పుడు చిన్న బ్యాండ్‌లో వాయించారా? ఆ రోజుల్లో బాగా గుర్తుండిపోయింది ఏమిటి?

వాయించాను. బేస్ గిటార్, అంటే కింది స్వరాలు పలికే లావు తీగల గిటార్. గిటార్ అనగానే కళ్లు పెద్దవి చేసుకునే జనం ముందు బేస్ అనే మాట చేరిస్తే కాస్త చల్లబడతారు. నా కోపం అక్కడే మొదలవుతుంది కాబట్టి మీరు జ్ఞాపకాలే అడిగినా కొంత వాదన కూడా వినాలి, తప్పదు.

కొత్తగా బ్యాండ్ పెట్టే కుర్రాళ్లలో లీడ్ గిటార్ వాయిస్తానని ఇద్దరు, పాడతానని ముగ్గురు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. డ్రమ్స్ వాడు దొరకడం కష్టం, ఎందుకంటే వాళ్లింట్లో ఊరుకోరు. బేస్ వాయిస్తానని తనంతట తాను వచ్చేవాడు మాత్రం ఉండడు, చివరికి ఎవరు మిగిలితే వాడికి అంటగడతారు. నాకూ అలాగే వచ్చింది. అందులో నామోషీ ఏమీ లేదు లెండి, ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్‌లోనూ అదే జరిగింది. 1961లో అక్కడ బేస్ వాయించే స్టూవర్ట్ సట్‌క్లిఫ్ వెళ్లిపోయాక ఎవరూ ముందుకు రాక బేస్ పాల్ మెకార్ట్నీ నెత్తిన పడింది. ఆ తర్వాత ఆయన దాంతో ఏం చేశాడో అందరికీ తెలుసు.

ప్రాక్టీస్ గది సంగతి చెబితే మీకు సగం విషయం అర్థమైపోతుంది. చిన్న గది, అందులో డ్రమ్స్, గిటార్ల శబ్దం పెంచే పెట్టెలు (యాంప్‌లు) రెండు, ఒక కీబోర్డ్, ఒక పాటగాడు. డ్రమ్స్‌కి వాల్యూమ్ నాబ్ ఉండదు కాబట్టి లీడ్ వాడు తన నాబ్ కొంచెం తిప్పుతాడు, నేను కనపడకుండా నాది తిప్పుతాను, కీబోర్డ్ వాడు ఇద్దరినీ చూసి తనదీ పెంచుతాడు, పాటగాడు గొంతు చించుకుంటాడు, పావుగంట తర్వాత ఎవరికీ ఏమీ వినపడదు. అప్పుడు లీడ్ వాడు తీర్మానించేది ఏమిటంటే 50 వాట్ల యాంప్ చాలట్లేదు, 100 వాట్లది కావాలి. అబ్బాయిలూ, వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ (శబ్దం కొలిచే లెక్క). చెవికి రెట్టింపు శబ్దంలా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే వాట్లు పది రెట్లు కావాలి. ఈ ఒక్క లెక్క తెలిస్తే లోకంలో సగం బ్యాండ్‌లు విడిపోకుండా ఉండేవని నా గట్టి నమ్మకం. డబ్బు గొడవలు, అమ్మాయి గొడవలు అని అందరూ ఏవేవో చెబుతారు గానీ, నేను చూసినంతలో బ్యాండ్‌లు విడిపోయేది ఆ నాబ్ దగ్గరే.

ఇక బాగా గుర్తుండిపోయింది అంటారా, ఒక వార్షికోత్సవంలో మా ప్రోగ్రామ్.

ఆ రోజు పాటగాడికి జలుబు. గొంతు పైకి వెళ్లట్లేదు, ఒక పాటకి స్కేల్ అరశ్రుతి, అంటే కీబోర్డ్ మీద ఒక్క మెట్టు, దించమన్నాడు. కీబోర్డ్ వాడికి ఇది చిటికెలో పని. ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకటి నొక్కితే చాలు, వేళ్లు ఎప్పటి మెట్ల మీదే ఉంటాయి, శబ్దం మాత్రం కిందికి దిగుతుంది. గిటార్‌కి అంత సుఖం లేదు. తీగలన్నిటినీ ఒకచోట అదిమి పట్టే క్లిప్, కేపో, పెట్టి శ్రుతి పెంచొచ్చు గానీ దించలేం కదా. లీడ్ వాడు గొణుక్కుంటూ, ఒక వేలితో తీగలన్నీ అదిమి పట్టే బార్ కార్డ్‌లతో నెట్టుకొచ్చాడు. నా పరిస్థితి ఇంకా ఘోరం, ఎందుకంటే పాట ఈ (E) మైనర్‌లోది, నా బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ ఈ (E) స్వరమే. దానికింద స్వరం లేదు. పైనెక్కడో వెతుక్కుని వాయించాను. ఎలాగో ఆ పాట గట్టెక్కింది, చప్పట్లు కూడా పడ్డాయి.

తర్వాతి పాట మళ్లీ ఈ (E) మైనరే. దీనికి మాత్రం దించేది లేదని ముందే అనుకున్నాం. కీబోర్డ్ ఒక్కటే మొదలుపెట్టాలి, పాటగాడు అందుకోవాలి, అప్పుడు మేమంతా ఒక్కసారి దిగాలి. మావాడు ట్రాన్స్‌పోజ్ తియ్యడం మర్చిపోయాడు. కీబోర్డ్ ఒంటరిగా మోగుతున్నంతసేపూ తేడా ఎవరికి తెలుస్తుంది, చాలా హాయిగా ఉంది. పాటగాడు దాని శ్రుతి పట్టుకుని అందంగా ఎత్తుకున్నాడు. మేం దిగాం.

ఆ చప్పుడు ఎలా ఉందో రాయడం నా వల్ల కాదు గానీ లెక్క చెబుతాను. 440 హెర్ట్జ్, అంటే సెకనుకి 440 సార్లు కంపించే స్వరానికి అరశ్రుతి కింద ఉండేది 415. రెండూ ఒకేసారి మోగితే ఆ తేడా సెకనుకి 25 సార్లు కొట్టుకుంటూ చెవిలో గరగరమంటుంది. మాకు ప్రతి స్వరం దగ్గరా అలాంటి గరగరే. మొదటి క్షణంలో ప్రతివాడూ పక్కవాడి వంక చూశాడు. లీడ్ వాడికి తన తీగలు దిగిపోయాయన్న అనుమానం వచ్చి, పాట నడుస్తుండగానే బిరడాలు తిప్పడం మొదలెట్టాడు. దాంతో వాడు ఈ (E) లోనూ లేడు, దానికి అరశ్రుతి కిందిదైన ఈ ఫ్లాట్‌ (E ఫ్లాట్) లోనూ లేడు, త్రిశంకు స్వర్గంలో ఉన్నాడు. కీబోర్డ్ వాడు వాడిని కళ్లతోనే కాల్చేస్తున్నాడు. డ్రమ్మర్‌కి శ్రుతితో పనేముంది, ఇంత మంచి వినోదం దొరికిందని నవ్వుతూ కొడుతున్నాడు.

నేను చేసిందల్లా పాటగాడిని వినడం. జనం పట్టుకునేది గొంతుని, ఆ గొంతు కీబోర్డ్‌తో ఉంది. మిగతావాళ్లు రావాల్సింది అక్కడికే. ఈ (E) తీగ వదిలేసి పక్క తీగ మీద ఆరో ఫ్రెట్‌కి (మెడ మీది గడికి) దూకాను, అక్కడ E ఫ్లాట్ ఉంటుంది. బేస్ కీబోర్డ్ వైపు వెళ్లేసరికి పాట మొత్తం అటు వాలింది. పల్లవి అయ్యేలోగా లీడ్ వాడు చెయ్యి తీసేశాడు. చరణం నుంచి నలుగురమే నడిపించాం. కిందికి దిగాక ఒకాయన వచ్చి ఆ పాటలో గిటార్ ఆపడం చాలా కొత్తగా ఉంది, ఎవరి ఐడియా అని అడిగాడు. లీడ్ వాడు తనదే అన్నాడు!

బేస్ ఎందుకు అంటే ఇందుకే. కీబోర్డ్ మీద సి, ఈ, జీ (C, E, G) నొక్కి ఉంచండి, సి మేజర్ అనే కార్డ్ వస్తుంది. వాడు వేలు కదపక్కర్లేదు, నేను కింద A స్వరం వాయిస్తే అదే A మైనర్ సెవెంత్ అనే వేరే కార్డ్ అయిపోతుంది, పాట మొహమే మారిపోతుంది. ఇళయరాజా పాటలు మంచి హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి బేస్ మీదే దృష్టి పెట్టి వినండి, అది కింద ఇంకో పాట పాడుతూ ఉంటుంది. ఫోన్ స్పీకర్‌లో వినకండి, దయచేసి. బేస్ లావు తీగ 41 హెర్ట్జ్, గోలీ అంత స్పీకర్ దాన్ని పలకలేదు. జనం ఫోన్‌లో వినేసి బేస్ వినపడలేదంటే నేనేం చెయ్యను?

పాటగాళ్ల మీద కూడా ఒకటి ఉంది, ఉంచుకోను. మైక్ తలని గుప్పిట్లో మూసి పట్టుకోవడం ఎవరు నేర్పారో గానీ, స్టైల్‌గా ఉంటుందని అందరూ అదే. స్టేజీ మైక్‌లు ఎక్కువగా ముందు నుంచి వచ్చే శబ్దాన్నే తీసుకునేలా తయారవుతాయి, అది జరగాలంటే జాలీ వెనక భాగం తెరిచి ఉండాలి. మీరు దాన్ని మూసేస్తే మైక్ నాలుగు వైపులా వింటుంది, స్పీకర్ శబ్దం మళ్లీ మైక్‌లోకి వెళ్లి కుయ్‌మని ఊళ వేస్తుంది. అప్పుడు సౌండ్ అబ్బాయిని తిడతారు. కడ్డీ దగ్గర పట్టుకోండి నాయనా.

ఇప్పుడు మొదలుపెట్టే వాళ్లెవరైనా చదువుతుంటే ముందు ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి. పనిచేసేవాళ్ల ఆరోగ్యం చూసే అమెరికా సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చు, అదే 100 అయితే పావుగంటే. చిన్న గదిలో డ్రమ్స్ పక్కన 100 పెద్ద విషయం కాదు. మా డ్రమ్మర్ చెవిలో ఇప్పటికీ సన్నగా ఈల మోగుతూనే ఉంటుందట, నిద్రకి ఫ్యాన్ శబ్దం కావాలంటాడు.

కీబోర్డ్ వాడితో ఈ మధ్యే మాట్లాడాను. ఆ రోజు తప్పు తనదని ఇప్పటికీ ఒప్పుకోడు. పాటగాడు తనతోనే ఉన్నాడట, చివరికి బేస్ కూడా తన దగ్గరికే వచ్చిందట, కాబట్టి శ్రుతి తప్పింది గిటారేనట.