అట్ట మీద ఎవరి పేరు

అమ్ములూ,

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం మానేసి పాటలతోనే బతుకుతానన్నావని మీ అమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. వదినని సముదాయించాను గానీ, చెన్నై కోడంబాక్కంలో కోరస్ పాడుతూ జుట్టు నెరిసిన దాన్ని కదా, లోపల్లోపల మురిసిపోయాను. టెన్షనూ పట్టుకుంది.

ఆరు నెలల అద్దె పక్కన పెట్టుకో. పబ్బులో పాడే ముందే సగం డబ్బు తీసుకో. రిహార్సల్‌లో డ్రమ్స్ పక్కన నిలబడితే ఇయర్‌ప్లగ్స్ పెట్టుకో. గొంతు బొంగురుపోతే నాలుగు రోజుల్లో తిరిగొస్తుంది, వినికిడి పోతే రాదు.

నా భయం వేరే. మీ మామయ్య సంగతి నీకెవరూ పూర్తిగా చెప్పలేదు.

క్యాసెట్ల రోజుల్లో ఆయన మన శ్రీకాకుళం యాసలో ఊడ్పుల పాట ఒకటి కట్టాడు. మాటలూ ఆయనవే, వరసా ఆయనదే. నేను బియ్యం ఏరుతుంటే ఒక్కో చరణం వినిపించేవాడు. ఇక్కడి క్యాసెట్ కంపెనీ ఒకటి కొంత డబ్బు చేతిలో పెట్టి, ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ముందుకు తోసింది. చదవకుండా సంతకం పెట్టేశాడు. కాపీ అయినా అడగలేదు మహానుభావుడు! క్యాసెట్ వచ్చాక చూస్తే అట్ట మీద రచన, సంగీతం దగ్గర 'జానపదం' అని అచ్చేశారు. అచ్చం పల్లెపాటలా కట్టినందుకు దక్కిన ఫలం! తర్వాత ఒక పెళ్లిలో ఆర్కెస్ట్రా కుర్రాడు "ఇది మా తాతల నాటి పాటండీ" అని ఆయనకే చెప్పాడు. ఆయన నవ్వేసి, "జనం తమదే అనుకున్నారే, ఇంకేం కావాలి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతోంది. ఆ నెల అద్దెకి వెతుక్కున్నది నేను కదా!

2012లో కాపీరైట్ చట్టం మార్చాక కొంత నయం. రాసినవాళ్లూ వరస కట్టినవాళ్లూ తమ రాయల్టీ వాటాని కంపెనీకి రాసిచ్చినా చెల్లదు. ఎన్నేళ్లకో రాయకపోతే హక్కులు ఐదేళ్లకే ఇచ్చినట్టు, ఈ రూలు అంతకు ముందు నుంచే ఉంది. అందుకే 'పర్పెచువల్', అంటే శాశ్వతంగా, అన్న మాట కనబడితే ఆగు. పాటలు రాసినవాళ్లకీ వరస కట్టినవాళ్లకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకో. పాట అప్‌లోడ్ చేసేటప్పుడు రచయిత, స్వరకర్త గడులు ఖాళీగా వదలకు. బ్యాండులో ఎవరి వాటా ఎంతో పాట పూర్తయిన రోజే రాసుకోండి, హిట్టయ్యాక మొహమాటాలు ఉండవు.

నువ్వు గిటార్ మీద పాడే ఆ మన ఉత్తరాంధ్ర జముకుల పాట ఎవరి దగ్గర నేర్చుకున్నావో వాళ్ల పేరూ వెయ్యి. మీ బెంగళూరులోనే రఘు దీక్షిత్ అనే గాయకుడు కన్నడ సాధుకవి శిశునాళ షరీఫ్ తత్వపదాల్ని రాక్‌లో పాడతాడు చూడు. షరీఫ్ పోయింది 1889లో. అయినా ఆ పదాలు ఆయన పేరుతోనే ఉన్నాయి. మన వాగ్గేయకారులు చివరి చరణంలో తమ గుర్తుగా ముద్ర పెట్టుకున్నది ఊరికే కాదు. మీ మామయ్యకి ఆ తెలివి లేకపోయింది, పిచ్చి మనిషి.

వచ్చే నెల ఇందిరానగర్‌లో నీ షోకి శతాబ్దిలో వస్తున్నాను. స్పీకర్ల పక్కన మాత్రం కూర్చోబెట్టకు. పాటల కంపెనీ, అదే లేబుల్ వాళ్లు నీకు పంపిన ఒప్పందం కాగితం అన్ని పేజీలూ ఫోటో తీసి వాట్సాప్ చెయ్యి. మా వీధి వకీలు గారు చూసిపెడతానన్నారు. ఫీజు నేనిచ్చుకుంటాను.

నీ అత్త