మలంలో ఎలాస్టేజ్ 168 వచ్చింది, క్లోమం పాడైపోయినట్లేనా?

అంకె చూసి అప్పుడే భయపడకండి. ఎలాస్టేజ్ అంటే తిన్నది అరగడానికి క్లోమం వదిలే ఒక ఎంజైమ్; మలంలో అది ఎంత ఉందో చూసి క్లోమం పనితీరు అంచనా వేస్తారు. ముందు ఇది గుర్తు తెచ్చుకోండి: నమూనా ఇచ్చిన రోజు విరేచనం గట్టిగా అయిందా, నీళ్లలాగానా?

పోయిన ఏడాది మా నాన్నగారికి విరేచనాలు పట్టుకుని నాలుగు నెలలు వదలలేదు. ఆరు కిలోలు తగ్గారు. మొదట చూసిన వైద్యుడు రక్తంలో అమైలేజ్ (క్లోమం వదిలే ఇంకో ఎంజైమ్) పరీక్ష చేయించి, మామూలుగానే ఉంది కాబట్టి క్లోమానికి ఏమీ లేదన్నారు. క్లోమం హఠాత్తుగా వాచినప్పుడు ఆ పరీక్ష పనికొస్తుంది గానీ, రోజూ సరిపడా జీర్ణరసం వదులుతోందో లేదో దానితో తేలదు. డబ్బు మాత్రం కట్టాం. రెండో ఆయన ఎలాస్టేజ్ రాశారు. ఆ రోజు డబ్బాలో పడ్డది దాదాపు నీళ్లే. ల్యాబ్ కుర్రాడు "ఏదైనా పరవాలేదండీ" అని పట్టుకుపోయాడు.

ఫలితం 96. గ్రాము మలానికి 200 మైక్రోగ్రాములు దాటితే మామూలు, 100 లోపయితే తీవ్ర లోపం అని కింద అచ్చేసి ఉంది. ఇల్లంతా అట్టుడికిపోయింది. అమ్మ నెయ్యి గిన్నెను అటక ఎక్కించింది. పిన్ని ఫోన్ చేసి "బావగారికి క్లోమం పోయిందటగా" అని ఏడ్చింది. నెయ్యి లేని పప్పన్నం ముందు కూర్చుని నాన్నగారు నా వైపు ఒక చూపు చూశారు, ఆ రిపోర్టు రాసింది నేనే అన్నట్టు. భోజనంతో పాటు వేసుకోమని ఎంజైమ్ క్యాప్సూల్స్ కూడా ఇచ్చారు.

నమూనా ఎలా ఉందని అడిగింది మూడో వైద్యురాలు ఒక్కరే. లెక్క గ్రాముకు కడతారు కదా, నీళ్లు కలిస్తే అంకె దిగిపోతుంది, మజ్జిగలో నీళ్లు పోస్తే పులుపు తగ్గినట్టు. ఆవిడ రెండో ప్రశ్న చక్కెర మందు గురించి. మెట్‌ఫార్మిన్ మోతాదు పెంచిన నెలలోనే విరేచనాలు మొదలయ్యాయని అప్పుడు గానీ మాకు తట్టలేదు. మందు మార్చారు. విరేచనం గట్టిపడ్డాక మళ్లీ చేయిస్తే 284.

అసలు మన ఇళ్లలో మలం మాట ఎత్తడమే తప్పు. అంతకుముందు ఇద్దరు వైద్యుల దగ్గరా, పక్కన కోడలు ఉందని నాన్నగారు "బాగానే అవుతోంది" అన్నారు! బాగానే అవుతుంటే ఆసుపత్రికి ఎందుకు వచ్చినట్టు?

మీది గట్టి నమూనానే అయి, మలం జిడ్డుగా తేలుతూ, బరువు కూడా తగ్గుతుంటే మాత్రం 168ని తేలిగ్గా తీసుకోకండి. కడుపు వైద్యుడికి చూపించండి.

రెండో పరీక్షకు ముందు క్యాప్సూల్స్ ఆపాలా అని నేను అడిగాను. అక్కర్లేదు, ఈ పరీక్ష మనిషి ఎలాస్టేజ్‌నే గుర్తుపడుతుంది, క్యాప్సూల్‌లో ఉన్నది పంది క్లోమం నుంచి తీసినది అన్నారావిడ. కోడిగుడ్డు కూడా ముట్టని మా నాన్నగారు అప్పటికి మూడు వారాలుగా వాటిని మింగుతున్నారు. ఆ సంగతి ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.