టెక్ సందేహాలు: యాప్‌కు తెలియని వాచీ వయసు

ప్రశ్న: మా నాన్నగారు 1985లో దుబాయ్ వెళ్లారు. అక్కడ కొత్తగా కొన్న సీకో 5 ఆటోమేటిక్ వాచీ మా దగ్గర ఉంది. ఫొటో తీస్తే వివరాలు చెప్పే యాప్ ఒకటి అది 1968 నాటిదని, అసలైనదని చెప్పింది. ఇంకో యాప్ నకిలీ అంటోంది. ఏది నమ్మాలి? (నిజామాబాద్ నుంచి ఒక పాఠకుడు)

రెండింటినీ నమ్మకండి. గల్ఫ్ వాచీ లేని బీరువా మన జిల్లాల్లో అరుదు కాబోలు, ఈ ప్రశ్న వస్తూనే ఉంది. యాప్ చూసేది డయల్ బొమ్మను. వాచీ అసలుదనం ఉండేది లోపలి యంత్రంలో.

మీరు పంపిన ఫొటోలో వెనక మూత మీద మొదటి నాలుగంకెలు 7009. అది యంత్రం నంబరు. 1968లో ఆ యంత్రం పుట్టనే లేదు. మొదటి యాప్ సంగతి అక్కడితో తేలిపోయింది. దాని కింద ఆరంకెల వరుస సంఖ్య 83తో మొదలవుతోంది. 8 అంటే సంవత్సరంలో చివరి అంకె, 3 అంటే మార్చి. (అక్టోబరుకు 0, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి వేస్తారు.) దశాబ్దం ఏదో ఆ సంఖ్య చెప్పదు. మీ నాన్నగారు వెళ్లిన ఏడును బట్టి 1988 మార్చి అనుకోవాలి.

ఇప్పుడు భూతద్దం తీసుకుని డయల్ అడుగున, ఆరు గంటల గుర్తుకు ఇరువైపులా చూడండి. చీమతల అక్షరాల్లో జపాన్ పేరు, దాని పక్కన ఒక నంబరు ఉండాలి. అది కూడా 7009తోనే మొదలవ్వాలి. అక్కడ 7ఎస్26 కనిపిస్తే డయల్ వేరే వాచీది, ఎందుకంటే ఆ యంత్రం వచ్చిందే 1996లో. అసలు అక్షరాలే లేకపోయినా, అలుక్కుపోయి ఉన్నా, డయల్ కళ్లు చెదిరే నారింజ రంగులో మెరుస్తున్నా అనుమానించండి. పాత యంత్రానికి కొత్త రంగు పూసి అమ్మే ఈ సరుకుకు వాచీలు సేకరించేవాళ్లు ‘ముంబై స్పెషల్’ అని పేరు పెట్టారు. వారాల చక్రం మీద అరబిక్ ఉంటే గల్ఫ్ కథకు బలమే కానీ, అదొక్కటే రుజువు కాదు. చక్రాలు మార్చడం పెద్ద పనేమీ కాదు.

మూత తెరవకుండానే ఇంకో పరీక్ష చేయొచ్చు. పక్కనున్న కీని చివరిదాకా బయటకు లాగండి. 7009లో సెకన్ల ముల్లు ఆగదు. ఆగిందంటే లోపల వేరే యంత్రం కూర్చుందన్నమాట. టిక్ టిక్ శబ్దాన్ని మైకుతో విని లెక్కగట్టే యాప్‌లు మాత్రం పనికొస్తాయి. 7009 గంటకు 21,600 సార్లు కొట్టుకోవాలి. వాడుతున్నంతసేపే మైకుకు అనుమతి ఇవ్వండి.

వాచీ నకిలీదైతే పోయేది కొంత డబ్బు, కొంత సరదా. నన్ను భయపెడుతున్నది మీ ఉత్తరం చివరి వాక్యం: ‘యాప్ గ్యాలరీ మొత్తానికి అనుమతి అడిగితే ఇచ్చాను.’ ఒక్క వాచీని చూడటానికి దానికి మీ ఆధార్ ఫొటో, పాస్‌బుక్ మొదటి పేజీ, పిల్లల పుట్టినరోజు బొమ్మలు ఎందుకు? ఆండ్రాయిడ్ 14 నుంచి ఎంచుకున్న ఫొటోలకే అనుమతి ఇచ్చే వీలుంది. అయినా ఈ రకం యాప్‌లు ‘అన్నీ’ అన్న బటన్ నొక్కేదాకా వదలవు. మూడు రోజులు ఉచితమని చెప్పి, నాలుగో రోజు నుంచి వారం వారం ఖాతాలో కోత పెట్టేవీ వీటిలో ఉన్నాయి. చెట్టు పేరు చెప్పే యాప్, రాయి పేరు చెప్పే యాప్, నాణెం వెల చెప్పే యాప్ అన్నీ ఒకే తాను ముక్కలు. తెలియదు అని ఒప్పుకునే యాప్ ఒక్కటీ నాకు తగల్లేదు. ఏదో ఒక సంవత్సరం, పక్కన ఒక శాతం పడేస్తే జనం నమ్ముతారని తయారుచేసినవాళ్లకు తెలుసు. వెంటనే అనుమతి రద్దు చేయండి. చందా ఉంటే ముందు దాన్ని ఆపి, తర్వాత యాప్ తీసేయండి. యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు.

అమ్మే ఆలోచన ఉంటే ఫొటోల్లోని లొకేషన్ వివరం తొలగించి పంపండి. వాచీ పక్కన తేదీ రాసిన కాగితం పెట్టి తీయండి, లేకపోతే అవే ఫొటోలతో ఇంకెవరో బేరం పెడతారు. ‘డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అన్నవాడు కచ్చితంగా దొంగే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఈపాటికే కొట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: తాతగారి హెచ్‌ఎంటీ కాంచన్ డయల్ మసకబారింది. కొత్తగా రంగు వేయించవచ్చా?

అమ్మాలనుకుంటే డయల్ జోలికి వెళ్లకండి. మచ్చలున్న అసలు డయల్‌కు ఉన్న విలువ మెరిసే కొత్త పూతకు ఉండదు. చేతికి పెట్టుకోవడానికే అయితే మీ ఇష్టం. ముందు లోపల శుభ్రం చేయించి నూనె వేయించండి. నూనె ఎండిన యంత్రాన్ని అలాగే నడిపితే చక్రాల ఇరుసులు అరిగిపోతాయి.