ఇంజిన్ షెడ్డు: డైనో కాగితం మీద 450, చక్రాల దగ్గర ఎంత?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పాత అమెరికన్ వీ8ల (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్లు) మీదే. అమెరికాలో మనవాళ్ళకి ఇంటితో పాటు గ్యారేజీ కూడా వస్తుంది కదా, ఇక చేతులు ఊరుకోవు మరి. పైన రాసిన డైనో అంటే ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం. సరే, పనిలోకి దిగుదాం.

ప్రశ్న: సార్, నా దగ్గర 1972 షెవీ (షెవ్రోలే) నోవా ఉంది, 350 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, పొగ వేస్తోంది. ఎలాగూ బోరు చేయాలి కాబట్టి 383 స్ట్రోకర్ కిట్ (పిస్టన్ ఎక్కువ దూరం కదిలేట్టు చేసే క్రాంక్ సెట్టు) వేసేయమని మెషిన్ షాపు వాళ్ళంటున్నారు. మా ఫ్రెండేమో క్రాంక్ ఎందుకు, ఆ డబ్బుతో పెద్ద క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) వేయమంటాడు. వారంలో రెండు మూడు సార్లు రోడ్డు మీద తిప్పుతా, నెలకోసారి డ్రాగ్ స్ట్రిప్. ఏది చేయమంటారు?
– డాలస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: షాపు వాళ్ళ మాటే వినండి. 350 అంటే 4 అంగుళాల బోరు (సిలిండర్ వెడల్పు), 3.48 స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం). 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) బోరు చేసి 3.75 స్ట్రోకు క్రాంక్ వేస్తే 383 క్యూబిక్ అంగుళాలు అవుతుంది, ఇదేం కొత్త సంగతి కాదు, 1970లో వచ్చిన షెవీ 400 ఇంజిన్ స్ట్రోకే ఈ 3.75, అప్పట్లో ఆ 400 క్రాంక్ మెయిన్ జర్నల్స్‌ని 2.65 నుంచి 2.45 అంగుళాలకి గ్రైండ్ చేయించి 350 బ్లాకులో కూర్చోబెట్టేవాళ్ళు, ఇప్పుడైతే ఆ సైజువే రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి. పెరిగిన స్ట్రోకు లాభం మీకు 7000 ఆర్‌పీఎం దగ్గర కాదు, 2500 నుంచి 4500 మధ్య కనిపిస్తుంది, రోడ్డు మీద మీ బండి బతికేదంతా అక్కడే కదా. ఆర్డర్ పెట్టేప్పుడు రెండు మాటలు మర్చిపోకుండా చెప్పండి. మీది 1986కి ముందు బ్లాకు కాబట్టి రెండు ముక్కల రేర్ మెయిన్ సీల్ (క్రాంక్ వెనక చివర ఆయిల్ కారకుండా ఆపేది) క్రాంకే కావాలి. ఇంకోటి బ్యాలెన్సింగ్ ఇంటర్నలా ఎక్స్‌టర్నలా అన్నది, అంటే బరువు సరిచేసేది క్రాంక్ మీదేనా, బయట డ్యాంపరూ ఫ్లెక్స్‌ప్లేటూ మీద కూడానా అని, దాన్ని బట్టే డ్యాంపరూ ఫ్లెక్స్‌ప్లేటూ కొనాలి, పాతవి ఉన్నాయి కదా అని బిగించేస్తే ఇంజిన్ వణికి చస్తుంది.

ఇక క్యామ్. 50 థౌ లిఫ్ట్ దగ్గర కొలిచే డ్యూరేషన్ (వాల్వ్‌ని తెరిచి ఉంచే వ్యవధి) 225–230 డిగ్రీల దగ్గర ఆగిపోండి. 245 వేస్తే ఐడిల్‌లో దడదడలాడుతూ వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, నేను కాదనను, కానీ వ్యాక్యూమ్ పడిపోయి పవర్ బ్రేకు కాలికి గట్టిగా తగులుతుంది, ఎక్కువ స్టాల్ ఉన్న (ఎక్కువ ఆర్‌పీఎం దాకా జారే) టార్క్ కన్వర్టర్ కావాలి, వెనక యాక్సిల్ గేరు మార్చాలి, అన్నీ మార్చాక మాల్‌కి వెళ్ళొద్దామంటే ఇంట్లోవాళ్ళు ఎక్కరు. మీ ఊళ్ళో పంపు దగ్గర 93 ఆక్టేన్ దొరుకుతుంది కాబట్టి అల్యూమినియం హెడ్స్‌తో కంప్రెషన్ 10 నుంచి 10.5 వరకు వెళ్ళొచ్చు, పోత ఇనుము హెడ్స్ అయితే తొమ్మిదిన్నరకి మించొద్దు. పిస్టన్ పైకొచ్చినప్పుడు హెడ్‌కీ దానికీ మధ్య, ప్యాకింగ్ మందంతో కలిపి, 40 థౌ దగ్గర ఉండేట్టు డెక్ (బ్లాకు పైభాగం చెక్కడం) చేయించండి. ఆ సందు ఎక్కువైతే కంప్రెషన్ తక్కువున్నా కూడా నాక్ (పెట్రోలు వేళ కాని వేళ పేలడం) వస్తుంది, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

బోరు చేశాక హోనింగ్ (సిలిండర్ గోడ నునుపు చేయడం) టార్క్ ప్లేట్ (హెడ్ బదులు బిగించే మందపాటి పలక) బిగించి చేస్తారా లేదా అని అడగండి. హెడ్ బోల్టులు బిగిస్తే సిలిండర్ కొంచెం వంకర తిరుగుతుంది, ఆ వంకర ఉండగానే హోన్ చేస్తేనే హెడ్ ఎక్కాక గుండ్రంగా ఉంటుంది. రింగ్ గ్యాప్ (పిస్టన్ రింగు కొసల మధ్య సందు) బోరు అంగుళానికి నాలుగున్నర థౌ లెక్కన మీకు 18 థౌ దాకా వస్తుంది. మెయిన్ బేరింగ్ క్లియరెన్స్ రెండున్నర థౌ.

అన్నిటికన్నా ముఖ్యం, ఫైనల్‌గా బిగించే ముందు ఒకసారి ఉత్తుత్తిగా కట్టి చూడండి. 383లో కనెక్టింగ్ రాడ్ బోల్టులు కింద బ్లాకు అంచుకీ పైన క్యామ్ లోబ్‌కీ (క్యామ్ మీది ఉబ్బు) తగిలే జబ్బు ఉంది, క్రాంక్‌ని చేత్తో తిప్పుతూ ఎనిమిదింటినీ చూడాలి, కనీసం 50–60 థౌ ఖాళీ లేకపోతే గ్రైండ్ చేయాలి. తర్వాత పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే క్లే పల్చగా పరిచి, పైన కొంచెం ఆయిల్ రాసి, హెడ్ పెట్టి, క్రాంక్ మెల్లగా రెండు చుట్లు తిప్పి, హెడ్ తీయండి. వాల్వ్ అచ్చు పడి ఉంటుంది. దాన్ని బ్లేడుతో అడ్డంగా కోసి, పల్చగా ఉన్న చోట మందం కొలిస్తే ఇన్‌టేక్ 80 థౌ, ఎగ్జాస్ట్ 100 థౌకి తగ్గకూడదు. ఎగ్జాస్ట్‌కి ఎందుకు ఎక్కువంటే అది వేడికి ఎక్కువ సాగుతుంది, పైగా పైకొచ్చే పిస్టన్ దాన్ని తరుముకుంటూ వస్తుంది.

ప్రశ్న: నమస్తే అండి. నేను కూడా 383 కట్టించాను, షాపులో ఇంజిన్ డైనో మీద 450 హెచ్‌పీ అని షీట్ ఇచ్చారు. కార్లో పెట్టాక వేరేచోట చాసిస్ డైనో (చక్రాల దగ్గర శక్తి కొలిచేది) ఎక్కిస్తే 355. వంద హెచ్‌పీ ఎక్కడికి పోయింది, నన్ను మోసం చేశారా?
– న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు

జవాబు: గొడవకి వెళ్ళకండి, ముందు షీట్ తీసి చదవండి. ఇంజిన్ డైనో నిజానికి హార్స్‌పవర్ కొలవదు, వాటర్ బ్రేక్‌తో లోడు పెట్టి టార్క్ కొలుస్తుంది, దాన్ని ఆర్‌పీఎంతో హెచ్చించి 5252తో భాగిస్తే హెచ్‌పీ వస్తుంది. 5500 దగ్గర 430 పౌండ్-ఫీట్ అంటే 450, లెక్క వేసుకోండి. అందుకే ఏ షీట్‌లో అయినా టార్క్, హెచ్‌పీ గీతలు రెండూ 5252 దగ్గర కలవాలి, ఒకే స్కేలు మీద గీసి కూడా కలవలేదంటే ఆ షీట్ చింపేయొచ్చు.

తర్వాత షీట్ మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఎస్‌టీడీ అనో ఎస్ఏఈ అనో ఉంటుంది. ఆరోజు గాలి వేడి, ప్రెషరు, తేమ బట్టి వేసే కరెక్షన్ అది. ఎస్‌టీడీ లెక్క 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, ఎస్ఏఈ జే1349 అయితే 77 డిగ్రీలకి, ప్రెషరు కూడా కాస్త తక్కువ పట్టుకుంటుంది. ఒకే ఇంజిన్‌కి ఎస్‌టీడీలో దాదాపు 4 శాతం ఎక్కువ కనబడుతుంది, కాబట్టి షాపులకి ఏది ఇష్టమో వేరే చెప్పాలా? మీ 450 ఎస్‌టీడీ అయితే ఎస్ఏఈలో 432 చుట్టూ ఉంటుంది. పైగా డైనో మీద ఫ్యాను లేదు, ఆల్టర్నేటర్ లేదు, వాటర్ పంపు చాలాచోట్ల కరెంటుది, మఫ్లర్లు సరిగ్గా ఉండవు. కార్లో ఇవన్నీ ఉన్నాయి, ఆ తర్వాత కన్వర్టరు, గేర్‌బాక్సు, యాక్సిలు తలా కాస్త తింటాయి. ఆటోమేటిక్ బండికి 355 తీసిపారేసే అంకె కాదు.

ఇదేం ఈనాటి గోల కాదు లెండి. 1971లో కార్వెట్ ఎల్‌టీ-1 ఇంజిన్ 330 హెచ్‌పీ అని రాశారు, 1972లో దాదాపు అదే ఇంజిన్‌కి 255 అని రాశారు, మారింది ఇంజిన్ కన్నా ఎక్కువగా గ్రాస్ లెక్క (ఉత్త ఇంజిన్) నుంచి నెట్ లెక్కకి (కార్లో ఉండేవన్నీ బిగించాక) రావడం. పక్కోడి డైనోతో మీ డైనోని పోల్చుకోవడం దండగ, అదే డైనో మీద అదే రోజు మార్పుకి ముందూ వెనకా పోల్చుకోండి. ఉదాహరణకి స్పార్క్ టైమింగ్ 32 డిగ్రీలతో ఒక పుల్ (డైనో మీద ఒక పరుగు), 34తో ఒకటి, 36తో ఒకటి, ప్రతిసారీ ఆయిల్, నీళ్ళ టెంపరేచర్ ఒకటే ఉండేట్టు చూసుకుని. 36లో కొత్తగా ఏమీ రాలేదంటే 34కి వచ్చేయండి, రోడ్డు మీద ఎండలో ఏసీ వేసుకుని చెడ్డ పెట్రోలుతో పోయేప్పుడు ఆ రెండు డిగ్రీలే పిస్టన్లని కాపాడతాయి. ఫుల్ థ్రాటిల్‌లో గాలి-పెట్రోలు నిష్పత్తి 12.5 నుంచి 13 మధ్య ఉందో లేదో కూడా చూడండి. పీక్ అంకె ఫ్రేము కట్టించుకోవడానికి, 3000 నుంచి 5500 వరకు టార్క్ గీత ఎంత సమంగా ఉందన్నది నడపడానికి.

ప్రశ్న: అన్నా, నా ఆర్‌ఎక్స్100కి పోర్టింగ్ (సిలిండర్ పోర్టులు ఫైల్ చేసి పెంచడం) చేసి చాంబర్ (రేసు సైలెన్సర్) వేస్తే 20 హెచ్‌పీ వస్తుందని ఒకాయన అంటున్నాడు. రోజూ కాలేజీకి ఆ బండే. చేయించనా?
– విజయవాడ నుంచి ఒక విద్యార్థి

జవాబు: రోజూ కాలేజీకి అన్నావుగా, వద్దు తమ్ముడూ. బోరు, స్ట్రోకు 50 బై 50 మిల్లీమీటర్లు, 98 సీసీ, కంపెనీ ఇచ్చింది 11 హెచ్‌పీ. టూ స్ట్రోక్‌కి క్యామ్ ఉండదు, పోర్టు ఎత్తే దాని క్యామ్. ఎగ్జాస్ట్ పోర్టు పైకి ఫైల్ చేస్తే పవర్ అంతా పైకి ఎక్కిపోతుంది, కింద ఏమీ మిగలదు, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో క్లచ్ కాలుస్తూ కూర్చోవాలి. ఇంకో సంగతి, మే మధ్యాహ్నం సెట్ చేసిన జెట్ సంక్రాంతి పొద్దున చల్లగాలికి లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అయిపోతుంది, ప్లగ్గు తెల్లబడినా గమనించకుండా హైవే మీద గుంజితే పిస్టన్ పట్టేస్తుంది. పైగా కంపెనీ స్పెసిఫికేషన్ దాటి మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. రేసు పిచ్చి నిజంగా ఉంటే పాత ఇంజిన్ ఒకటి విడిగా కొని దాని మీద చేయించి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కి పట్టుకెళ్ళు, దీన్ని స్టాక్‌గా ఉంచు. ఇప్పుడు స్టాక్ ఆర్‌ఎక్స్‌కి ఉన్న రేటు నీకు తెలిసే ఉంటుంది.

ప్రశ్న: ఫ్లాట్ టాపెట్ క్యామ్ (లోబ్‌ని తాకే లిఫ్టర్ల అడుగు చదునుగా ఉండే రకం) కొత్తది వేశాను, వచ్చే వారం డైనోకి బుక్ చేశా. బ్రేక్-ఇన్ ఎలా?
– హ్యూస్టన్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: జింక్ ఎక్కువున్న బ్రేక్-ఇన్ ఆయిల్ పోయండి, డబుల్ స్ప్రింగులు అయితే లోపలివి తీసేయండి. ఆయిల్ పంపు డ్రిల్‌తో తిప్పి ముందే ప్రైమ్ చేసి, కార్బొరేటర్ బౌల్ నింపి, టైమింగ్ సరిచూసుకున్నాకే సెల్ఫ్ కొట్టండి, ఊరికే క్రాంక్ చేస్తూ ఉంటే కొత్త లోబ్‌లు అక్కడే అరుగుతాయి. అంటుకోగానే 2000 దాటించి, 2000–2500 మధ్య పైకీ కిందకీ మారుస్తూ 20–30 నిమిషాలు, ఐడిల్‌కి మాత్రం దించొద్దు. ఆపాక ఆయిల్ దించేసి ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూడండి. సన్న బూడిద రంగు పొడి మామూలే, మెరిసే పలుకులు కనబడితే డైనో బుకింగ్ క్యాన్సిల్ చేసి లిఫ్టర్లు బయటికి తీయండి, వాటి అడుగు గుంట పడి ఉంటే క్యామ్ కూడా పోయినట్టే.