బీలకు బంజరని పేరు పెట్టిందెవరు?

పోయిన సంచికలో తేలినీలాపురం పక్షుల గురించి నాలుగు మాటలు రాశాను. పక్షులొస్తే ఊరికి మంచిదని అక్కడివాళ్ళు నమ్ముతారని, అందుకే చింతచెట్ల మీద గూళ్ళు కట్టినా ఎవరూ రాయి విసరరని. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దాని మీదే, ఆ "మంచి"ని కొలవొచ్చా అని అడుగుతూ వచ్చినవే. అన్నీ వేయడానికి చోటు లేదు, ఆరు తీసుకున్నాను.

ప్రశ్న: సార్, నేను ఆమదాలవలసలో డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయిని. ఐక్యరాజ్యసమితి ప్రపంచంలోని పర్యావరణ వ్యవస్థలన్నిటినీ మదింపు చేయించిందని క్లాసులో చెప్పారు. నాలుగు రకాల సేవలని బట్టీ పట్టాను గానీ అర్థం కాలేదు. అడవినీ సముద్రాన్నీ ఎలా లెక్కగడతారు?

జవాబు: బట్టీ పట్టింది కాసేపు పక్కన పెట్టు తల్లీ. 2000 సంవత్సరంలో అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ ఈ పని జరగాలని పిలుపునిచ్చారు. 2001లో మొదలైంది, 95 దేశాల నుంచి 1,360 మంది నిపుణులు కూర్చున్నారు, 2005లో నివేదికలు వచ్చాయి. మిలీనియం ఎకోసిస్టమ్ అసెస్‌మెంట్ అంటారు దాన్ని. అడవి ఎంత తగ్గింది, చేప ఎంత తగ్గింది అనే లెక్కలు అంతకుముందూ ఉన్నాయి. వీళ్ళు అడిగింది వేరు: అవి తగ్గితే మనిషి బతుకులో ఏది తగ్గుతుంది? తిండా, ఆరోగ్యమా, భద్రతా, నలుగురితో కలిసి బతికే తీరా?

నీకు దగ్గర్లో ఉన్నదే చెప్తాను. సోంపేట, కంచిలి, కవిటి మండలాల మధ్య పరుచుకున్న చిత్తడి నేల, బీల చూశావా? చూడకపోతే వానలు తగ్గాక ఒకసారి బస్సెక్కి వెళ్ళు. గట్టు మీద నిలబడితే ముందు నీళ్ళు కనబడవు, జమ్ము, తుంగ, కలువాకులు, వాటి మధ్య గేదెల వీపులు కనబడతాయి. ఇంకాసేపు నిలబడితే, మొలలోతు నీళ్ళలో వంగిన ఒకాయన చేపలు పట్టే వెదురు మావు పైకెత్తి, నీళ్ళు కారిపోయేదాకా ఆగి, లోపల చెయ్యి పెట్టి తడుముతూ ఉంటాడు. కొర్రమేను దొరికితే సంతకు పోతుంది, చిన్న చేప ఇంటికి పోతుంది. ఆ చేప, గేదె మేసే ఆ గడ్డి, గట్టున కోసుకునే పొన్నగంటి కూర, ఇవన్నీ నీ పుస్తకంలోని మొదటి రకం, నేరుగా చేతికందేవి. పైనుంచి వచ్చిన వాన నీటిని ఒక్కసారిగా ఊళ్ళ మీద పడకుండా పట్టి ఉంచి, ఎండాకాలం దాకా చుట్టుపక్కల బావుల్లో ఊట నిలపడం రెండో రకం, నియంత్రణ. గట్టున అమ్మవారికి ఇచ్చే ముర్రాటలు, పిల్లలు ఈత నేర్చుకోవడం మూడో రకం, సంస్కృతిలోకి వస్తాయి. నాలుగోది కంటికి కనబడదు, అడుగున బురదలో ఆకూ అలమూ కుళ్ళి మళ్ళీ సారం కావడం. మిగతా మూడూ దాని మీదే నిలబడ్డాయి.

ఇలాంటి సేవలు 24 తీసుకుని చూస్తే 15 క్షీణిస్తున్నాయని, లేదా తిరిగి పుంజుకునే వీలు లేనంతగా వాడేస్తున్నామని తేలింది. మెరుగుపడినవి నాలుగే. వాటిలో మూడు తిండివే: పంటలు, పశువులు, చెరువుల్లో పెంచే చేపలూ రొయ్యలూ. నాలుగోది గాలిలోని కార్బన్‌ను పీల్చి దాచుకోవడం.

ప్రశ్న: అయ్యా, మాది సోంపేట దగ్గర. మా బీలను పనికిరాని భూమి అన్నారు. దీనికి ఇంత అని అప్పుడే ఒక ధర ఉండుంటే ఆ మాట అనగలిగేవారా? లేక ధర కడితే అమ్మడం ఇంకా సులువవుతుందా? తల్లికి ధర కట్టినట్టు అనిపిస్తుంది నాకు.

జవాబు: నాకూ అలాగే అనిపిస్తుంది. అయినా లెక్క కట్టడమే మేలని నేను ఎందుకు అనుకుంటున్నానో చెప్తాను.

బీలలో థర్మల్ ప్లాంటు వద్దని మీరు చేసిన పోరాటంలో 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ రద్దు చేసిందీ ఆ రోజే. అక్కడున్నది చిత్తడి నేల అని చేపలు పట్టేవాడికీ గడ్డి కోసేవాళ్ళకీ తెలుసు, కాగితానికి మాత్రం తెలియదు. కాగితంలో ఆ గడి ఖాళీగా ఉంది కాబట్టే దాన్ని సున్నా అని చదివారు. నా బాధంతా ఆ సున్నా గురించే. ధర కట్టకపోతే అమూల్యం అవుతుందని మనం అనుకుంటాం, ఆఫీసులో మాత్రం విలువ లేనిదిగా రాసుకుంటారు.

ఇక ప్రపంచమంతటికీ లెక్క కట్టిన ప్రయత్నం 1997లో జరిగింది. రాబర్ట్ కోస్టాంజా, మరో 12 మంది కలిసి నేచర్ పత్రికలో వేశారు. భూమి మీది ప్రకృతి సేవల విలువ ఏడాదికి సగటున 33 లక్షల కోట్ల డాలర్లు, అప్పటి ప్రపంచ దేశాలన్నిటి స్థూల ఉత్పత్తి సుమారు 18 లక్షల కోట్లు. ఈ అంకెను చాలామంది ఒప్పుకోలేదు. మైకేల్ టోమన్ అనే ఆర్థికవేత్త అయితే, ఇది అనంతానికి వేసిన బాగా తక్కువ అంచనా అన్నారు. ఆయన చెప్పింది నిజమే కదా, గాలి మొత్తం పోతే దానికి బదులు ఏం కొంటాం? అందుకే ఆ పెద్ద అంకెను నేను పెద్దగా పట్టించుకోను. పనికొచ్చేది చిన్న లెక్క. ఈ బీల పోతే, మీ ఊళ్ళో ఎన్ని బోర్లు ఎంత లోతుకు వేయాలి, గేదెకు ఏడాదికి ఎంత గడ్డి కొనాలి, ఇప్పుడు ఊరికే వచ్చే చేప బజార్లో ఎంత, వరదొస్తే ఎన్ని ఎకరాలు మునుగుతాయి? నిపుణులు వాడే పద్ధతులు చాలావరకు ఇవే, ప్రత్యామ్నాయానికయ్యే ఖర్చు, తప్పిన నష్టం.

ఇంకో మాట, దీన్ని అందరూ గమనించాలి. పవన్ సుఖ్‌దేవ్ నాయకత్వంలో, ప్రకృతి విలువను లెక్కగట్టడానికి వచ్చిన టీబ్ అనే అంతర్జాతీయ అధ్యయనం మన దేశం గురించి ఒక లెక్క వేసింది. దేశం మొత్తం ఆదాయంలో వ్యవసాయం, అడవులు, చేపల వాటా చూస్తే చిన్నదే. కానీ వాటి మీదే బతికే పల్లె పేదల ఆదాయంలో ప్రకృతి ఊరికే ఇచ్చేది దాదాపు 47 శాతం. బీల పూడిస్తే దేశం లెక్కలో నష్టం కనబడదు, ఆ మావు ఎత్తిన మనిషి ఇంట్లో సగం పోతుంది. ఎంత పోయింది అని అడిగి ఊరుకుని, ఎవరికి పోయింది అని అడగని మదింపును నేను మదింపు అనను.

ప్రశ్న: విజయనగరం నుంచి రాస్తున్నాను. ప్రకృతి పాడైపోతోందని భయపెడతారు. మా తాత గంజి తాగి బతికాడు, నేను మూడు పూటలా తింటున్నాను, మనిషి ఆయుష్షు పెరిగింది. మరి నష్టం ఎక్కడ సార్?

జవాబు: సూటిగా అడిగారు, మంచిది. ఈ చిక్కుముడి ఆ నిపుణులకూ తెలుసు, నివేదికలోనే ఒప్పుకున్నారు: మొత్తం మీద మనుషుల బతుకు బాగుపడింది, ప్రకృతి తరిగింది, రెండూ ఒకేసారి జరిగాయి. మీ తాతగారి గంజి రోజులు మళ్ళీ రావాలని నేను కోరను, కరువు చూసిన జిల్లాలు మనవి. పైన చెప్పాను చూడండి, పెరిగిన నాలుగింటిలో మూడు తిండివని. ఆ తిండి కోసం మిగతా వాటిని ఖర్చు పెట్టాం. పొలం అమ్మి పెళ్ళి ఘనంగా చేసిన ఇల్లు ఆ ఏడాది కళకళలాడుతూనే ఉంటుంది, పొలం లేదన్న సంగతి తర్వాతి ఏడాది నాట్లప్పుడు తెలుస్తుంది. పైగా బాగుపడినవాళ్ళూ పోగొట్టుకున్నవాళ్ళూ ఒకరే కాదు. రొయ్యల చెరువు లాభం ఒకరిది, పక్క చేను ఉప్పుబారితే ఆ నష్టం ఇంకొకరిది.

ప్రశ్న: మాది ఉద్దానం, వజ్రపుకొత్తూరు మండలం. తిత్లీ తుఫానులో కొబ్బరంతా పోయింది. సముద్రం ఒడ్డున సరుగుడు, మడ అడవులు ఉంటే తుఫాను ఆగుతుందంటారు. ఉత్తమాటలా, నిజమేనా?

జవాబు: 2018 అక్టోబరు 11 తర్వాత మీ వైపు వచ్చాను. వేర్లతో సహా పడిపోయిన కొబ్బరి చెట్టు మొదట్లో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు, దాన్ని ఆయన తండ్రి నాటాడట. మళ్ళీ నాటితే కాపు చూస్తానా బాబూ అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది, అందుకే మీకు జాగ్రత్తగా చెప్తాను.

గాలిని చెట్టు ఆపదు. 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే గాలికి సరుగుడూ విరుగుతుంది. మడ అడవి అడ్డుపడేది ఎక్కువగా ఉప్పెనకు, అంటే ఊళ్ళోకి తోసుకొచ్చే సముద్రపు నీటికి. దీనికి మన పక్కనే రుజువుంది. 1999 సూపర్ సైక్లోన్ ఒడిశాను ముంచినప్పటి మరణాలను కేంద్రాపడా జిల్లాలో ఊరూరా లెక్కగట్టి సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. 409 ఊళ్ళు చూశారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్నచోట తక్కువమంది చనిపోయారు. ముందస్తు హెచ్చరిక అంతకంటే ఎక్కువ మందిని కాపాడిందని కూడా వాళ్ళే రాశారు, ఆ మాట దాచకుండా చెప్పినందుకే ఆ లెక్క మీద నాకు నమ్మకం. సైరన్ మోగితే వెళ్ళిపోవాలి, చెట్లున్నాయి కదా అని ఆగకూడదు. కానీ మడ చెట్లు కొట్టి రొయ్యల చెరువు తవ్వుదామని ఎవరైనా వస్తే థాయ్‌లాండ్ సంగతి చెప్పండి. అక్కడ హెక్టారు మడ అడవిని ఉన్నది ఉన్నట్టు ఉంచితే విలువ 1,000 డాలర్లకు పైమాటే, రొయ్యల చెరువుగా మార్చి సమాజానికయ్యే నష్టాలు కూడా తీసేస్తే మిగిలేది 200 డాలర్లు. ఇది కూడా నేను పైన చెప్పిన 2005 మదింపులో ఉన్నదే.

ప్రశ్న: గంట్యాడ నుంచి. కొండల మీద చెట్లు పోతే మా తాటిపూడి జలాశయానికి సంబంధమేమిటి?

జవాబు: అంతా సంబంధమే. గోస్తని పుట్టేది ఆ కొండల్లోనే, తాటిపూడి నీళ్ళు విశాఖ కూడా తాగుతోంది. చెట్టు పోతే మట్టి కొట్టుకొచ్చి జలాశయం అడుగున చేరుతుంది, నీళ్ళు పట్టే చోటు తగ్గుతుంది. న్యూయార్క్ నగరానికి ఇలాంటి సమస్యే వచ్చింది. నీళ్ళు వడకట్టే ప్లాంటు కట్టాలంటే 600 నుంచి 800 కోట్ల డాలర్లన్నారు. వాళ్ళు 1997లో ఒప్పందం చేసుకుని, నీళ్ళు పుట్టే క్యాట్‌స్కిల్ కొండల్ని కాపాడటానికి, అక్కడి రైతులకు సాయం చేయడానికి సుమారు 150 కోట్లు పెట్టారు. నీళ్ళు తాగే నగరం కొండ మీదివాళ్ళకు డబ్బులివ్వడం నాకు చాలా న్యాయంగా కనిపించింది. మన దగ్గరా ఆ మాట ఎవరో ఒకరు గట్టిగా అడగాలి.

ప్రశ్న: సంతబొమ్మాళి మండలంలో టీచర్ని. మా తంపర భూముల (నీళ్ళు నిలిచే పల్లపు నేలల) గురించి పిల్లలతో ఏదైనా చేయించాలని ఉంది. మదింపు అంటే శాస్త్రవేత్తలు రావాలి కదా?

జవాబు: రానక్కర్లేదండీ. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి, ఆ కమిటీ ఊరివాళ్ళను అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారుచేయాలి. ముందు మీ పంచాయతీకి వెళ్ళి ఆ రిజిస్టర్ చూపించమనండి. చాలాచోట్ల బయటివాళ్ళు వచ్చి రెండు రోజుల్లో నింపేసి వెళ్ళిపోయింది ఉంటుంది, దాన్ని పిల్లలతో సరిచూడండి, లేనివి రాసి గ్రామసభలో పెట్టించండి.

మొదలు మాత్రం ముసలమ్మల దగ్గర పెట్టండి. మా ఇంటి దగ్గర ఒకావిడను చెరువు గట్టు మీద ఏమేం తినేవి దొరుకుతాయని అడిగితే, పొన్నగంటి, గంగపావిలి, అటికమామిడి, చెంచలి అంటూ వేళ్ళు మడుస్తూ పోయింది, రెండు చేతులూ అయిపోయాక మళ్ళీ మొదటి వేలికి వచ్చింది. ఏది ఏ నెలలో వస్తుంది, బాలింతకు ఏది పెడతారు, ఇప్పుడు దొరకనిది ఏది, ఎన్నేళ్ళయింది, ఇవి నాలుగు గళ్ళు గీసి రాయించండి. చేపలకు ఇంకో పేజీ, చేపలు పట్టేవాళ్ళనే అడిగి. ధరలు తర్వాత చూద్దాం. మొదటి పేజీ నిండగానే జిరాక్స్ తీసి నాకు పంపండి, పిల్లల పేర్లు కూడా రాయండి, వచ్చే సంచికలో వేస్తాను.