సోయుజ్‌లో సీటు: యువ రచయితకు లేఖ

అమ్మా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ మొదటి పేరాలోనే "ఆంక్షలతో అమెరికా, రష్యాల అంతరిక్ష సహకారం ఆగిపోయింది" అని రాసేశావు. ఆగలేదమ్మా. చట్టం దేన్ని ఆపింది, దేన్ని వదిలేసింది అన్నది ముందు చూసుకోవాలి.

2000 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన ఇరాన్ నాన్‌ప్రొలిఫరేషన్ (ఆయుధ వ్యాప్తి నిరోధక) చట్టంలో ఆరో సెక్షన్ తీసి చదువు. రష్యాతో కలిసి ఎగరొద్దని అందులో లేదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం పనుల కింద రష్యాకు నాసా కొత్తగా డబ్బు కట్టకూడదన్నదే దాని సారం. ఇరాన్‌కు క్షిపణి, అణు పరిజ్ఞానం చేరకుండా రష్యా అడ్డుకుంటోందని అధ్యక్షుడు తేల్చి చెబితేనే ఆ ముడి వీడుతుంది. కేంద్రంలో ఉన్నవాళ్ల ప్రాణం మీదికొస్తే మాత్రం మినహాయింపు ఉంది. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఎందుకంటే 2003 ఫిబ్రవరి 1న అమెరికా స్పేస్ షటిల్ కొలంబియా కూలింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయారు, షటిళ్లు ఆగిపోయాయి. ఆ రోజు పైన కేంద్రంలో బవర్‌సాక్స్, పెటిట్ అనే ఇద్దరు అమెరికన్లు, బుదారిన్ అనే రష్యన్ ఉన్నారు. షటిల్‌లో వెళ్లిన ఆ ముగ్గురూ మే నెలలో సోయుజ్ అనే రష్యా వ్యోమనౌకలో దిగొచ్చారు. అది కూడా దిగాల్సిన చోటికి వందల కిలోమీటర్ల ఇవతల, కజకిస్తాన్ మైదానంలో. చాలాసేపటిదాకా వాళ్లెక్కడున్నారో ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాత అమెరికన్లు పైకి వెళ్లాలన్నా సోయుజే దిక్కు. అప్పటి సీట్లు అమెరికాతో 1996లో కుదిరిన ఒప్పందం కింద రష్యా ఇవ్వాల్సిన 11 సోయుజ్‌ల ఖాతాలో నడిచాయి. 2006తో ఆ ఖాతా మూసుకుపోతుంది, కొత్తగా కొందామంటే చట్టం అడ్డు. అందుకే 2005లో కాంగ్రెస్ 2012 మొదలుదాకా సడలింపు ఇచ్చింది; తర్వాత 2016కి, ఆపైన 2020 చివరికి జరిపింది. అమెరికా రాజీపడింది ఇరాన్ విషయంలో కాదు, సొంత వాహనం లేకపోవడం దగ్గర. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే. 2020కల్లా ఒక్కో సీటు 9 కోట్ల డాలర్లకు చేరింది.

ఇస్రో క్రయోజెనిక్ రాకెట్ ఇంజిన్ల కథ ఇందులో ఇరికించకు. 1992లో ఇస్రో మీద, వాటిని అమ్మబోయిన రష్యా సంస్థ గ్లావ్‌కాస్మాస్ మీద పడ్డ ఆంక్షలు వేరు, దానికి విడిగా వ్యాసం కావాలి.

మొదటి పేరా కొట్టేసి, ఆ మైదానంలో దిగిన సోయుజ్‌తో ఎత్తుకో. ఆదివారంలోగా పంపితే అచ్చుకు వెళ్లే ముందు ఇంకోసారి చూస్తాను.

ఆశీస్సులతో.