ఎడిటింగ్ షార్ట్‌కట్లు నేర్చుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని షార్ట్‌కట్ల, అంటే మౌస్‌కు బదులు పని చేయించే కీల, పట్టికను పై నుంచి కిందికి బట్టీ పడుతున్నానని, రెండు రోజులు తిరిగేసరికి సగం మరిచిపోతున్నానని రాశావు. అందులో నీ జ్ఞాపకశక్తి లోపం ఏమీ లేదు. ఆ పట్టికలు మెనూల వరుసలో ఉంటాయి, పని మాత్రం ఆ వరుసలో సాగదు. ఎడిటర్ రోజంతా చేసేది ఫుటేజ్ (చిత్రీకరించిన వీడియో) చూడటం, కావలసిన చోట గుర్తు పెట్టడం, అక్కరలేనిది తీసేయడం, తీసేశాక మళ్ళీ చూడటం. షార్ట్‌కట్లను కూడా ఈ వరుసలోనే, చేతిలో ఉన్న పనికి ఎన్ని కావాలో అన్నే నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

షార్ట్‌కట్లు వేగం కోసమని అందరూ చెబుతారు. వేగం వస్తుంది, నిజమే, కానీ నేను నీ చేత వాటిని నేర్పించాలనుకుంటున్నది అందుకోసం కాదు. మౌస్‌తో కత్తిరించేటప్పుడు కన్ను తెర మీది బొమ్మను వదిలి, క్లిప్‌లనే వీడియో ముక్కలను వరుసగా పేర్చే టైమ్‌లైన్‌లోని సన్నని గీత మీదికి వెళ్తుంది. ఆ గీతను పట్టుకుని ఎక్కడికి లాగాలా అని చూస్తున్నంతసేపూ మాట్లాడుతున్న మనిషి ముఖంలో ఏం జరుగుతోందో నీకు కనిపించదు. వేలు తనంతట తాను కీ మీదికి వెళ్ళగలిగితే కన్ను బొమ్మ మీద, చెవి మాట మీద ఉండిపోతాయి, కట్ ఎక్కడ పడాలో అవే నిర్ణయిస్తాయి. సొంత ఇంట్లో చీకట్లో కూడా చేయి తడుముకోకుండా స్విచ్ మీదికి వెళ్ళినట్లు వేళ్ళు కీల మీదికి వెళ్ళాలి.

నువ్వు ప్రీమియర్ ప్రో అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నావు కాబట్టి దానితోనే మొదలుపెడతాను. మొదట జె, కె, ఎల్ అనే మూడు కీలు. ఎల్ నొక్కితే వీడియో ముందుకు నడుస్తుంది, జె నొక్కితే వెనక్కి నడుస్తుంది, కె నొక్కితే ఆగుతుంది. ఎల్‌ను మళ్ళీ మళ్ళీ నొక్కితే వేగం పెరుగుతూ పోతుంది. జె కూడా వెనక్కి అలాగే పనిచేస్తుంది. కె పట్టుకుని ఎల్ కూడా నొక్కి ఉంచితే నెమ్మదిగా నడుస్తుంది, కె పట్టుకుని ఎల్‌ను ఒక్కసారి తడితే ఒకే ఒక్క ఫ్రేమ్ (వీడియోలోని ఒక్క నిశ్చల చిత్రం) ముందుకు వెళ్తుంది. స్పేస్ బార్ కూడా నడిపి ఆపుతుంది కదా అని నువ్వు అనవచ్చు. అది నడపడం, ఆపడం తప్ప మరేమీ చేయదు. ఈ మూడు కీలు మాత్రం పొడవైన ఫుటేజ్‌ను వేగంగా దాటించి, మాట మొదలయ్యే చోట వెనక్కి తిప్పి, నెమ్మదిగా ఆ శబ్దం వరకూ తీసుకువెళ్ళగలవు, అదీ చేయి కదలకుండా. కీబోర్డ్ మీద జె కీకి చిన్న గీత ఎత్తుగా ఉంటుంది, తడిమి చూడు. కుడి చేతి చూపుడు వేలు చూడకుండానే అక్కడ కూర్చోవడానికే అది ఉంది. చూపుడు వేలు జె మీద, నడిమి వేలు కె మీద, ఉంగరపు వేలు ఎల్ మీద ఉంచి, కొన్ని రోజులు ఏదీ కత్తిరించకుండా ఫుటేజ్ చూడటానికి మాత్రమే వీటిని వాడు. చాలామంది ఈ మెట్టును తొందరలో దాటేస్తారు, తర్వాత నేర్చుకునేవన్నీ అందుకే వారికి అతుకులబొంతలా మిగిలిపోతాయి.

చేయి అక్కడ స్థిరపడ్డాక చుట్టూ చూడు. కె, ఎల్ కీలకు పైన ఐ, ఓ ఉంటాయి; షాట్‌లో నీకు కావలసిన భాగం మొదలయ్యే చోట ఐ, ముగిసే చోట ఓ నొక్కితే ఇన్, ఔట్ గుర్తులు పడతాయి. కిందనున్న కామా నొక్కితే ఆ భాగం టైమ్‌లైన్‌లో ప్లేహెడ్ (ఇప్పుడు చూస్తున్న చోటును చూపే గీత) ఉన్న చోట చొరబడి మిగతా క్లిప్‌లను ముందుకు జరుపుతుంది; దాని పక్కనున్న ఫుల్‌స్టాప్ నొక్కితే అక్కడ ఉన్నదాని మీదే పడి దాని స్థానం ఆక్రమిస్తుంది. ఎల్‌కు కుడి పక్కన సెమీకోలన్, దాని పక్కన అపాస్ట్రఫీ ఉంటాయి. టైమ్‌లైన్‌లో ఇన్, ఔట్ పెట్టుకున్న భాగాన్ని మొదటిది ఖాళీ ఉంచి తీసేస్తుంది, రెండోది ఖాళీని మూసేస్తూ తీసేస్తుంది. జె కింద ఉన్న ఎం మార్కర్ అనే గుర్తు పెడుతుంది. చూశావా, సగం ఎడిటింగ్ ఒక అరచేతి కిందే ఉంది, దాన్ని అలా అమర్చినవారు ఆలోచించే అమర్చారు.

ఇక కత్తిరించడం. కొత్తగా వచ్చినవారంతా రేజర్ టూల్ తీసుకుని, రెండు చోట్ల క్లిక్ చేసి, మధ్య ముక్కను ఎంచుకుని, డిలీట్ చేసి, మిగిలిన ఖాళీని మళ్ళీ మూస్తారు. ఈ శ్రమలో చాలా భాగాన్ని క్యూ, డబ్ల్యూ అనే రెండు కీలు తగ్గిస్తాయి. క్లిప్ మధ్యలో ప్లేహెడ్ ఉంచి క్యూ నొక్కితే క్లిప్ మొదటి నుంచి అక్కడి వరకూ ఉన్నది పోయి ఖాళీ మూసుకుంటుంది. డబ్ల్యూ నొక్కితే అక్కడి నుంచి క్లిప్ చివరి వరకూ పోతుంది. రెండు ముక్కలూ ఉండాలి, మధ్యలో కట్ మాత్రం పడాలి అనుకుంటే కంట్రోల్, కె కలిపి నొక్కాలి. పై బాణం, కింది బాణం ఒక కట్ నుంచి మరో కట్‌కు తీసుకువెళ్తాయి. ఎడమ, కుడి బాణాలు ఒక్కో ఫ్రేమ్ జరుపుతాయి, షిఫ్ట్ పట్టుకుంటే ఐదేసి ఫ్రేమ్‌లు. సెకనుకు 25 ఫ్రేమ్‌ల వీడియోలో ఐదు ఫ్రేమ్‌లంటే సెకనులో ఐదో వంతు, ఒక చిన్న ఊపిరి తీసుకునేంత సమయం. అందుకే మాటల మధ్య కట్‌ను సరిచూసుకోవడానికి ఆ జత బాగా అక్కరకు వస్తుంది.

క్యూ, డబ్ల్యూల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. అవి టార్గెట్ చేసి ఉన్న, అంటే మార్పులు పడాలని ఎంచుకున్న, ట్రాక్‌ల (టైమ్‌లైన్‌లో బొమ్మకు, శబ్దానికి వేర్వేరుగా ఉండే వరుసల) మీద పనిచేస్తాయి, ఖాళీని మూసేటప్పుడు తర్వాతి క్లిప్‌లను వెనక్కి జరుపుతాయి. లాక్ చేసిన ట్రాక్ మాత్రం కదలదు. మాటలున్న ట్రాక్ పొరపాటున లాక్ అయి ఉంటే బొమ్మ జరిగి మాట అక్కడే ఉండిపోతుంది, అది చాలా కట్‌ల తర్వాత గానీ కంటికి పట్టదు. అందువల్ల కూర్చున్న వెంటనే టైమ్‌లైన్ ఎడమ వైపున ఏ ట్రాక్‌లు టార్గెట్‌లో ఉన్నాయో, ఏవి లాక్ అయి ఉన్నాయో ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకో. నేపథ్య సంగీతాన్ని రఫ్ కట్ (మొదటి ముతక కూర్పు) పూర్తయ్యే వరకూ పెట్టకుండా ఉండటమే మేలని నేను అంటాను.

అనుభవమున్న ఎడిటర్లు చేసే ఒక సాధన నీకు చెప్పాలి. షాట్‌ను ఎల్‌తో నడిపించి, ఇక్కడ కట్ పడాలని మనసుకు తోచిన క్షణంలో కె నొక్కి, ఏ ఫ్రేమ్ దగ్గర ఆగావో చూసుకో. తర్వాత వెనక్కి వెళ్ళి, ఆ అంకెను మనసులోంచి తీసేసి, మళ్ళీ నడిపించి మళ్ళీ ఆపు. రెండుసార్లూ ఒకే ఫ్రేమ్ దగ్గరో, ఒకటి రెండు ఫ్రేమ్‌ల తేడాతోనో ఆగితే ఆ షాట్ లయ నీకు అందినట్లే. ప్రతిసారీ వేరే చోట ఆగుతున్నావంటే, ఆ షాట్ నుంచి నీకు ఏం కావాలో ఇంకా తేల్చుకోలేదన్నమాట. అప్పుడు ట్రిమ్ చేస్తూ (కట్‌ను అటూ ఇటూ జరుపుతూ) కూర్చోవడం వృథా, షాట్‌ను మరోసారి పూర్తిగా చూడాలి. కీలు చేతికి పట్టుబడ్డాక గానీ ఈ సాధన సాధ్యం కాదు, ఎందుకంటే కె ఎక్కడుందో వెతుక్కునేలోపు ఆ క్షణం దాటిపోతుంది.

సాధనకు పాటను గానీ, హడావుడిగా కట్‌లు పడే దృశ్యాన్ని గానీ ఎంచుకోకు. ఒక మనిషి కెమెరా ముందు కూర్చుని పది నిమిషాలు మాట్లాడిన ఫుటేజ్ ఏదైనా తీసుకుని, తడబాట్లు, అక్కరలేని విరామాలు తీసేయి. ఒక వారంలో మూడు కీలకు మించి కొత్తవి పెట్టుకోకు; వాటిని చిన్న కాగితం మీద నీ చేత్తో రాసి మానిటర్ కింద అంటించు. ఆ మూడు పనుల్లో దేనికైనా చేయి అలవాటుగా మౌస్ మీదికి వెళ్ళిందని గమనించిన వెంటనే కంట్రోల్ జెడ్‌తో చేసినదాన్ని వెనక్కి తీసుకుని, అదే పనిని కీతో మళ్ళీ చేయి. మొదట్లో దీనివల్ల పని నెమ్మదిస్తుంది, విసుగు కూడా వస్తుంది, కాబట్టి గడువు దగ్గర పడిన పని మీద దీన్ని చేయకు. కొత్త కీ కావలసి వచ్చినప్పుడు మెనూ తెరిస్తే ఆ ఆదేశం పక్కనే దాని షార్ట్‌కట్ రాసి ఉంటుంది. చూసి, క్లిక్ చేయకుండా మెనూ మూసి, కీతో నొక్కు. కీల మీద రంగురంగుల బొమ్మలు అంటించే స్టిక్కర్లు, తొడుగులు నీకు వద్దు. అవి ఉన్నంతకాలం కన్ను కిందికే దిగుతుంది, మనం దాన్ని బొమ్మ మీద నిలపడానికే ఇంత శ్రమ పడుతున్నాం.

కీ నొక్కినా ఏమీ జరగని సందర్భాలు వస్తాయి, వాటికి భయపడకు. ప్రీమియర్ తెరలోని విభాగాలను ప్యానెల్‌లంటారు; పని చేస్తున్న ప్యానెల్ చుట్టూ నీలి గీత ఉంటుంది, కీ ఆ ప్యానెల్‌కే అందుతుంది. టైమ్‌లైన్‌లో కట్ చేయబోతూ వేరే ప్యానెల్‌లో ఉండిపోతే ఆదేశం తప్పుచోటికి పోతుంది. షిఫ్ట్‌తో 3 నొక్కితే టైమ్‌లైన్ ప్యానెల్‌కు చేరుకుంటావు. టైటిల్‌లో అక్షరాలు రాస్తూ కర్సర్ అందులోనే ఉంటే నువ్వు నొక్కిన జె, కె అక్షరాలుగా పడతాయి. తెలుగులో టైటిల్ రాశాక కీబోర్డ్ భాషను ఇంగ్లిష్‌కు మార్చడం మరిచిపోయినా షార్ట్‌కట్లు స్పందించకపోవచ్చు. ల్యాప్‌టాప్‌లలో ఫంక్షన్ కీలు శబ్దం, వెలుతురు మార్చడానికి కేటాయించి ఉంటాయి కాబట్టి వాటికి ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవలసి రావచ్చు. మ్యాక్ మీద కూర్చుంటే కంట్రోల్ స్థానంలో కమాండ్, ఆల్ట్ స్థానంలో ఆప్షన్.

తర్వాత డావించీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా నేర్చుకుంటానన్నావు, మంచిదే. జె, కె, ఎల్, ఐ, ఓ అక్కడా, ఫైనల్ కట్ ప్రోలోనూ, ఎవిడ్ మీడియా కంపోజర్‌లోనూ ఇవే పని చేస్తాయి, అందుకే వాటిని ముందుగా చెప్పాను. తేడా వచ్చేది కత్తిరించే కీలలో. ప్రీమియర్‌లో డిలీట్ నొక్కితే క్లిప్ పోయి ఖాళీ మిగులుతుంది, ఖాళీ మూయాలంటే షిఫ్ట్ కూడా పట్టుకోవాలి. రిజాల్వ్‌లో డిలీట్ ఖాళీని మూసేస్తుంది, బ్యాక్‌స్పేస్ ఖాళీని మిగులుస్తుంది. ఒకదానికి అలవాటుపడిన చేయి మరోదానిలో టైమ్‌లైన్ మొత్తాన్ని జరిపేయగలదు. రిజాల్వ్‌లో ప్రీమియర్ కీల అమరికను ఎంచుకునే వీలుంది. ఇంట్లో ఒక్కదానివే పని చేసుకుంటే దాన్ని వాడుకో, కానీ నలుగురి కంప్యూటర్ల మీద కూర్చోవలసిన ఉద్యోగంలో చేరాలనుకుంటే దాని సొంత కీలే నేర్చుకో.

ప్రీమియర్‌లో కంట్రోల్, ఆల్ట్, కె కలిపి నొక్కితే కీబోర్డ్ బొమ్మ తెరుచుకుంటుంది, కీలను నీ ఇష్టప్రకారం మార్చుకోవచ్చు. నేర్చుకుంటున్న మొదటి నెలల్లో దాని జోలికి పోవద్దు. నీ పని తీరు నీకు తెలిశాక, రోజులో ఎన్నోసార్లు వాడే ఆదేశానికి మూడు కీలు కలిపి నొక్కవలసి వస్తుంటే, దానికి ఒకే కీ కేటాయించుకో. అన్ని ట్రాక్‌లకూ ఒకేసారి కట్ వేసే కంట్రోల్, షిఫ్ట్, కె అలాంటిదే. వేళ్ళను చాచి గంటల తరబడి నొక్కితే మణికట్టు నొప్పి పుడుతుంది, నొప్పి మొదలైన రోజునే చేయి తీసి విశ్రాంతి ఇవ్వాలి. మౌస్‌ను కుడి చేత్తోనే పట్టుకోక తప్పని పని ఎక్కువగా ఉంటే, జె, కె, ఎల్ పనులను ఎడమ చేతి కిందికి తెచ్చుకోవడం కూడా సబబే. కొత్త అమరికకు పేరు పెట్టి భద్రపరచి, ఆ ఫైల్ నకలు ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచుకో, ఇంకో కంప్యూటర్‌కు మారినప్పుడు మళ్ళీ మొదటి నుంచి పేర్చుకోవలసిన పని ఉండదు.

ఆ పది నిమిషాల ఫుటేజ్‌ను రఫ్ కట్ చేశాక, ఏ ఏ పనులకు నీ చేయి ఇంకా మౌస్ మీదికి వెళ్తోందో గమనించి నాకు రాయి. తర్వాత ఏ కీలు నేర్చుకోవాలో ఆ జాబితాను చూసి చెబుతాను.

ఇట్లు,
నీ మామయ్య